ఇనుమూ దాని ఇరుగుపొరుగూ

విద్యుత్ స్కూటరో కారో కొనదలచినవారు అందులోని బ్యాటరీ ధర విని ఉలిక్కిపడినప్పుడు సాధారణంగా ఒక ప్రశ్న అడుగుతుంటారు. కోబాల్ట్, నికెల్ వంటి ఖరీదైన లోహాలు వాడటం వల్లనే ధర పెరుగుతున్నదని చెబుతున్నారు కదా, భూమి పైపొర బరువులో దాదాపు 5 శాతం ఉండి, పలుగూ పార మొదలుకొని రైలు పట్టాల దాకా మనిషికి అన్నివిధాలా అలవాటైన ఇనుముతో బ్యాటరీ ఎందుకు చేయకూడదు? చేయవచ్చు, చేస్తున్నారు కూడా. అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా ప్రకారం 2024లో ప్రపంచమంతటా విద్యుత్ వాహనాలకు అమర్చిన బ్యాటరీల సామర్థ్యంలో దాదాపు సగం ఇనుము ఆధారిత రకానిదే. అయితే 1990ల చివర ఈ పదార్థాన్ని తొలిసారి పరీక్షించినప్పుడు అది తనలోని లిథియంలో సగానికి కాస్త ఎక్కువ మాత్రమే, అదీ చాలా నెమ్మదిగా, ఇవ్వగలిగింది. అంత మందకొడిగా మొదలైన పొడి బస్సులను నడిపే స్థితికి రావడానికి ఇనుములో మార్పేమీ రాలేదు. మార్పంతా ఇనుము చుట్టూ ఉన్నవాటిలో, అంటే దాని పక్కన చేరిన పరమాణువులలో, అది ఇమిడిన రేణువు పరిమాణంలో, ఆ రేణువుపై వేసిన పూతలో వచ్చింది. ఈ అధ్యాయం ఆ మార్పుల గురించినది.

ముందుగా బ్యాటరీ పనిచేసే తీరును కొద్దిగా గుర్తుచేసుకోవాలి. లిథియం అయాన్ బ్యాటరీలో రెండు ధ్రువాలు, వాటి మధ్య అయానులను మాత్రమే సాగనిచ్చే ద్రావణం ఉంటాయి. పరిశోధకులు కాథోడ్ అని పిలిచే ధనధ్రువంలో లిథియం నిల్వ ఉంటుంది, రుణధ్రువం ఎక్కువగా గ్రాఫైట్‌తో చేసినదై ఉంటుంది. చార్జింగ్ చేసేటప్పుడు లిథియం అయానులు ధనధ్రువాన్ని విడిచి, ద్రావణం గుండా ప్రయాణించి గ్రాఫైట్ పొరలలోకి చేరతాయి, వాడేటప్పుడు వెనక్కి వస్తాయి. ఒక్కొక్క లిథియం అయాను బయటికి వెళ్లినప్పుడు ధనధ్రువంలోని లోహం ఒక్కొక్క ఎలక్ట్రానును వదులుకోవాలి, లిథియం తిరిగి వచ్చినప్పుడు ఆ ఎలక్ట్రానును మళ్లీ స్వీకరించాలి. వదిలిన ఎలక్ట్రానులు బయటి తీగ గుండా వెళ్తాయి కనుక, మోటారును తిప్పే విద్యుత్తు అంటే అదే. ఎలక్ట్రానును తిరిగి తీసుకోవడంలో ఆ లోహానికి ఉన్న ఆసక్తి ఎంత బలమైనదైతే వోల్టేజి అంత ఎక్కువగా ఉంటుంది. ఇంత రాకపోకలు జరుగుతున్నా స్ఫటిక నిర్మాణం, అంటే పరమాణువులు ఒక క్రమంలో అమరిన చట్రం, చెక్కుచెదరకుండా నిలవాలి.

ఇనుముతో వచ్చిన చిక్కు

1980లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో జాన్ గుడినఫ్ బృందం లిథియం కోబాల్ట్ ఆక్సైడును ధనధ్రువ పదార్థంగా ప్రతిపాదించింది. అందులో కోబాల్ట్, ఆక్సిజన్ కలిసి పొరలు పొరలుగా అమరగా, పొరల మధ్య ఖాళీలో లిథియం ఇమిడి ఉంటుంది, వోల్టేజి సుమారు 4 దాకా వస్తుంది. ఈ పదార్థం ఆధారంగానే సోనీ సంస్థ 1991లో తొలి వాణిజ్య లిథియం అయాన్ బ్యాటరీని విడుదల చేసింది. గుడినఫ్‌కు స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలతో కలిపి 2019లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. కానీ ప్రపంచంలో తవ్వే కోబాల్ట్‌లో అత్యధిక భాగం కాంగో ప్రజాస్వామ్య గణతంత్రం ఒక్కదాని నుంచే వస్తుంది, అక్కడి గనులలో పిల్లలచేత పని చేయించడం గురించిన ఆవేదన లోకమంతటికీ తెలిసినదే. కోబాల్ట్ ఉన్న చోట ఇనుమును పెట్టాలన్న ఆలోచన వెనుక ధర ఒక్కటే కారణం కాదు.

అలా పెట్టి చూస్తే రెండు అడ్డంకులు ఎదురయ్యాయి. ఇనుము అయాను పరిమాణంలో కోబాల్ట్ కంటే లిథియానికి దగ్గరగా ఉంటుంది గనుక, మామూలు పద్ధతిలో కాల్చి చేసిన లిథియం ఐరన్ ఆక్సైడులో ఇనుమూ లిథియమూ వేరువేరు పొరలుగా విడిపోకుండా ఒకదాని చోట ఒకటి కలగాపులగంగా కూర్చుంటాయి, దాంతో లిథియం నడవడానికి దారి మిగలదు. వేరే దారిలో శ్రమపడి పొరలుగా తయారుచేసినా, అప్పటికే మూడు ఎలక్ట్రానులు కోల్పోయి ఉన్న ఇనుము నాలుగోదాన్ని వదలడానికి మొరాయిస్తుంది. బలవంతం చేస్తే ఇనుముకు బదులు ఆక్సిజన్ తన ఎలక్ట్రానును వదులుకొని వాయువుగా తప్పించుకుంటుంది, చట్రం కూలిపోతుంది. ఇనుము సుఖంగా ఇచ్చిపుచ్చుకునేది మూడో ఎలక్ట్రానునే. అయితే సాధారణ ఐరన్ ఆక్సైడులో ఆ ఇచ్చిపుచ్చుకోవడం 2.5 వోల్టుల లోపే జరుగుతుంది. అంత తక్కువ వోల్టేజి వాహనానికి చాలదు. కావలసిన వోల్టేజి ఇచ్చే ఎలక్ట్రాను అందుబాటులో లేదు, అందుబాటులో ఉన్న ఎలక్ట్రాను కావలసిన వోల్టేజి ఇవ్వదు.

ఫాస్ఫరస్ చేసిన మేలు, చేసిన కీడు

ఈ ప్రతిష్టంభనను ఛేదించిన ఆలోచన 1980ల చివరి సంవత్సరాలలో అరుముగం మందిరం, గుడినఫ్ కలిసి చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది. తమిళనాడులో పుట్టి, మద్రాసు ఐఐటీలో డాక్టరేట్ పూర్తిచేసి గుడినఫ్ వద్ద చేరిన మందిరం, ఒకే రకమైన చట్రంలో ఇనుము ఉండి, దాని పక్కన ఉండే పరమాణువుల గుంపు మాత్రం వేరైన సమ్మేళనాలను ఎంచుకొని పోల్చిచూశారు. ఐరన్ మాలిబ్డేటులో వోల్టేజి సుమారు 3.0 రాగా, ఐరన్ సల్ఫేటులో సుమారు 3.6 వచ్చింది. రెంటిలోనూ ఇనుము ఒకటే, అది ఇచ్చే ఎలక్ట్రాను ఒకటే, చట్రం అమరిక ఒకటే. మారినది పొరుగున ఉన్న మూలకం మాత్రమే. ఇంత సరళమైన పోలికతో ఇంత లోతైన సంగతి బయటపడటం ఈ శాస్త్ర చరిత్రలో అరుదైన విషయమని చెప్పవలసి ఉంటుంది.

దీనికి కారణం రెంటి మధ్య నిలిచిన ఆక్సిజన్. సల్ఫేటు గుంపులో ఆక్సిజన్ ఒకవైపు గంధకంతోను, మరొకవైపు ఇనుముతోను బంధం కలిగి ఉంటుంది. గంధకం ఆక్సిజన్ ఎలక్ట్రానులను తనవైపు గట్టిగా లాగి పట్టుకుంటుంది గనుక, ఇనుముతో ఆక్సిజన్ పంచుకోవడానికి మిగిలేది తక్కువ, ఆ బంధం పలచబడుతుంది. ఆ వెలితి వల్ల ఇనుము తన దగ్గరికి వచ్చే ఎలక్ట్రానును మరింత ఆత్రంగా స్వీకరిస్తుంది, ఫలితంగా వోల్టేజి పెరుగుతుంది. దూరంగా ఉన్న పరమాణువు మధ్యవర్తి ద్వారా చూపే ఈ ప్రభావాన్ని ప్రేరణ ప్రభావం అంటారు. పక్కన ఏ మూలకం ఉండాలో ఎంచుకోవడం ద్వారా ఇనుము వోల్టేజిని కావలసినట్లు దిద్దుకోవచ్చునన్నది ఆ ప్రయోగాలు చెప్పిన మాట.

సల్ఫేటులో మొదటి నుంచీ లిథియం ఉండదు, పైగా అది నీటిలో కరిగిపోతుంది. అందుచేత టెక్సాస్ విశ్వవిద్యాలయం ఆస్టిన్‌లో గుడినఫ్ బృందం లిథియం ఉన్న ఫాస్ఫేటుల వైపు మళ్లింది. భారతదేశం నుంచి వెళ్లిన అక్షయ పాఢీ, కె. ఎస్. నంజుండస్వామి గుడినఫ్‌తో కలిసి 1997లో ప్రచురించిన పత్రం లిథియం ఐరన్ ఫాస్ఫేటును లోకానికి పరిచయం చేసింది. ఇది ప్రయోగశాలలో కొత్తగా పుట్టిన పదార్థమేమీ కాదు, ట్రైఫిలైట్ అనే పేరుతో ప్రకృతిలో దొరికే ఖనిజంగా 19వ శతాబ్దం నుంచే ఎరిగినదే. ఓలివిన్ అనే మరో ఖనిజం వంటి అమరిక గల దీనిలో ఇనుము సుమారు 3.4 వోల్టుల వద్ద ఎలక్ట్రానును ఇచ్చి పుచ్చుకుంటుంది. ఒక్క గ్రాము పదార్థం సిద్ధాంత రీత్యా 170 మిల్లీ ఆంపియర్ అవర్ల విద్యుత్ నిల్వ చేయగలదు.

ఫాస్ఫేటు మరో గొప్ప మేలు కూడా చేసింది. ఫాస్ఫరస్, ఆక్సిజన్‌ల మధ్య బంధం ఎంత గట్టిదంటే, లిథియం పూర్తిగా వెళ్లిపోయి బ్యాటరీ వేడెక్కినప్పుడు కూడా ఆక్సిజన్ ఆ గుంపును విడిచి సులువుగా బయటికి రాదు. చార్జి నిండిన కోబాల్ట్, నికెల్ ఆక్సైడులు వేడెక్కితే ఆక్సిజన్ వెలువరిస్తాయి, బ్యాటరీలోని ద్రావణం మండే స్వభావం గలది కనుక ఆ ఆక్సిజన్ మంటను ఎగదోస్తుంది. ఇనుము బ్యాటరీలు అసలే అంటుకోవనడం సరికాదు, ఎందుకంటే వాటిలోనూ అదే ద్రావణం ఉంటుంది, కానీ మంటకు లోపలి నుంచి ఊతమిచ్చేది వాటిలో చాలా తక్కువ.

అయితే మేలు చేసిన ఫాస్ఫేటే కీడు కూడా చేసింది. ఓలివిన్ అమరికలో ఇనుము చుట్టూ చేరిన ఆక్సిజన్ గుంపులు ఒకదానికొకటి మూలల వద్ద మాత్రమే తగులుతూ ఉంటాయి, ఇనుముకూ ఇనుముకూ మధ్య ఫాస్ఫేటు గుంపులు అడ్డుగా నిలుస్తాయి. దాంతో ఎలక్ట్రాను ఒక ఇనుము నుంచి మరొక ఇనుముకు చేరడానికి ఎంతో ప్రయాసపడవలసి వస్తుంది. ఈ పదార్థం విద్యుత్ వాహకత లిథియం కోబాల్ట్ ఆక్సైడు వాహకతకంటే లక్షల రెట్లు తక్కువ, దాదాపు విద్యుత్ నిరోధకం కిందనే లెక్క. లిథియం కదిలినా దానితోపాటు ఎలక్ట్రాను కదలకపోతే పని జరగదు. ఆ కారణంగానే 1997 నాటి పత్రం ఈ పదార్థాన్ని తక్కువ శక్తి చాలే బ్యాటరీలకు తగినదిగా మాత్రమే పేర్కొన్నది.

బొగ్గు తొడుగు

ఇక్కడి నుంచి కథ ఆస్టిన్ నుంచి కెనడాకు మారుతుంది. మిషెల్ అర్మాండ్, నతాలీ రవే తదితరులు హైడ్రో క్విబెక్ సంస్థతో కలిసి 1999లో చూపిన పద్ధతి వినడానికి ఎంతో తేలికైనది. లిథియం ఐరన్ ఫాస్ఫేటు ముడిపదార్థాలకు చక్కెర వంటి సేంద్రియ పదార్థాన్ని కలిపి, గాలి తగలకుండా కాలిస్తే, ఆ చక్కెర మాడి బొగ్గుగా మారి ప్రతి రేణువు చుట్టూ పలచని తొడుగులా అంటుకుంటుంది. బొగ్గు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది గనుక, బయటి తీగ నుంచి వచ్చిన ఎలక్ట్రానులు ఈ తొడుగు మీదుగా రేణువు ఉపరితలం మీద అన్ని వైపులకూ ఒకేసారి చేరుకోగలుగుతాయి. పొడి మొత్తం బరువులో బొగ్గు ఒకటి నుంచి మూడు శాతం ఉంటే చాలు. తొడుగు మందం కొన్ని నానోమీటర్లే, నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు. ఈ స్వల్పమైన మార్పుతో పదార్థం సిద్ధాంతం చెప్పిన సామర్థ్యానికి దగ్గరగా వచ్చింది.

బొగ్గు చేసే పని ఎలక్ట్రానుల సరఫరాతో ఆగిపోదని తర్వాత తేలింది. కొలిమిలో ఏ కాస్త ఆక్సిజన్ మిగిలినా రెండు ఎలక్ట్రానులు కోల్పోయిన ఇనుము మూడో ఎలక్ట్రానును కూడా కోల్పోయి పనికిరాని సమ్మేళనాలుగా మారే ప్రమాదముంటుంది, మాడుతున్న చక్కెర ఆ ఆక్సిజన్‌ను తాను మింగి ఇనుమును కాపాడుతుంది. అంతేకాక, పక్కపక్కనున్న రేణువులు వేడికి అతుక్కొని పెద్దవి కాకుండా వాటి మధ్య నిలిచి అడ్డుకుంటుంది. ఒకే ఒక చవకైన పదార్థం మూడు పనులు చేయడం వల్లనే ఈ పద్ధతి పాతికేళ్లుగా పరిశ్రమలో నిలిచి ఉంది. మరీ ఎక్కువ బొగ్గు వాడితే అది చోటు ఆక్రమిస్తుంది, దట్టంగా చేరితే లిథియం దారికే అడ్డు తగులుతుంది, కాబట్టి ఎంత కలపాలి, ఏ చక్కెర కలపాలి, ఎంత వేడి దగ్గర మాడ్చాలి అన్న లెక్కలు ప్రతి తయారీదారూ గోప్యంగా ఉంచుకునే రహస్యాలయ్యాయి.

ఇదే సమయంలో వేరొక మార్గం కూడా తెరమీదికి వచ్చింది. అమెరికాలోని ఎంఐటీలో యెట్ మింగ్ చియాంగ్ బృందం నియోబియం, జిర్కోనియం వంటి మూలకాలను అతి కొద్దిగా స్ఫటికంలో కలిపి వాహకతను కోట్ల రెట్లు పెంచినట్లు 2002లో ప్రకటించింది. ఆ బృందానికి చెందినవారి చొరవతో పుట్టిన ఏ123 సిస్టమ్స్ సంస్థ డ్రిల్లింగ్ యంత్రాల వంటి, క్షణాలలో ఎక్కువ శక్తి గుంజే పనిముట్లకు ఇనుము బ్యాటరీలను విజయవంతంగా తయారుచేసింది. కానీ ఆ వాహకత నిజంగా స్ఫటికం లోపలిదేనా అన్న వివాదం చెలరేగింది. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో లిండా నజార్ బృందం 2004లో, అధిక వేడి వద్ద రేణువుల అంచుల్లో లోహంలా విద్యుత్ ప్రసరింపజేసే ఐరన్ ఫాస్ఫైడు పలచని వలలా ఏర్పడుతుందని, పెరిగిన వాహకతకు అదే కారణం కావచ్చునని చూపింది. స్ఫటికం లోపలి స్వభావాన్ని మార్చడం కంటే దాని ఉపరితలాన్ని సిద్ధం చేయడమే ఎక్కువ ఫలితాన్నిస్తున్నదన్న నిర్ణయం వైపే సాక్ష్యం మొగ్గిందని చెప్పడం సమంజసం.

ఒంటిబండి సందులు

ఎలక్ట్రానుల సంగతి తేలాక లిథియం సంగతి మిగిలింది. కోబాల్ట్ ఆక్సైడులో లిథియం పొరల మధ్య అన్ని దిక్కులకూ కదలగలదు. ఓలివిన్‌లో అలా కాదు, లిథియం నడిచే దారులన్నీ ఒకే దిక్కుకు సాగే సన్నని సొరంగాలు, ఒక సొరంగం నుంచి పక్క సొరంగంలోకి దాటడం దాదాపు అసాధ్యం. ఈ విషయాన్ని సైఫుల్ ఇస్లాం బృందం 2005లో కంప్యూటర్ గణనలతో ఊహించగా, జపాన్‌లో అత్సువో యమదా బృందం 2008లో న్యూట్రాన్ కిరణాల సాయంతో లిథియం ఆ సొరంగాలలో తిన్నగా గాక మెలికలు తిరుగుతూ నడుస్తుందని ప్రయోగపూర్వకంగా నిరూపించింది.

పాత ఊళ్లలో ఇరువైపులా గోడలుండి, ఒక్క బండి మాత్రమే పట్టే పొడవాటి సందును ఊహించుకుంటే ఈ దారుల కష్టం తెలుస్తుంది. అలాంటి సందులో ఒక చోట బండి విరిగి నిలిచిపోతే దానికి ఇటు ఉన్నవారు ఇటు చివర నుంచి, అటు ఉన్నవారు అటు చివర నుంచి బయటపడగలరు. రెండు చోట్ల బండ్లు నిలిచిపోతే వాటి మధ్య చిక్కుకున్నవారికి ఇక దారే ఉండదు. స్ఫటికంలో ఆ విరిగిన బండి పాత్ర వహించేది లిథియం చోట పొరపాటున కూర్చున్న ఇనుము. యాంటీసైట్ లోపమని పిలిచే ఈ చోటు తారుమారులో, లిథియం ఇనుము చోటికి, ఇనుము లిథియం చోటికి చేరతాయి. ఇనుము అక్కడి నుంచి కదలదు. సందు ఎంత పొడవైతే అందులో రెండో మూడో బండ్లు నిలిచిపోయే అవకాశం అంత పెరుగుతుంది, సందు పొట్టిదైతే అడ్డం పడినా ఒకటే పడుతుంది, అసలు పడకపోనూ వచ్చు. రేణువును చిన్నది చేయడమంటే సందును పొట్టి చేయడమే. రేణువు పరిమాణాన్ని మైక్రోమీటరు స్థాయి నుంచి 50 నుంచి 200 నానోమీటర్ల స్థాయికి తగ్గించినప్పుడు పనితీరు అనూహ్యంగా పెరగడానికి ఇది ముఖ్య కారణం. దూరం తగ్గినందువల్ల ప్రయాణ కాలం తగ్గడం ఒక లాభం కాగా, చిక్కుకుపోయే లిథియం తగ్గడం అంతకంటే పెద్ద లాభం. అడ్డాలను మొదటి నుంచే తగ్గించాలంటే తయారీలో వేడిని, నీటి శాతాన్ని, ముడిపదార్థాల నిష్పత్తిని అదుపులో ఉంచాలి. తక్కువ వేడి వద్ద నీటిలో వేగంగా తయారుచేసిన పొడిలో ఈ తారుమారులు ఎక్కువగా కనిపిస్తాయి, తర్వాత కాల్చడం వల్ల అవి చాలావరకు సర్దుకుంటాయి.

లిథియం వెళ్లిన భాగం, వెళ్లని భాగం ఒకే రేణువులో కలిసి ఉండటం ఈ పదార్థానికి ఇష్టముండదు. లిథియం ఉన్న రూపానికీ లేని రూపానికీ ఘనపరిమాణంలో దాదాపు 7 శాతం తేడా ఉండటం వల్ల వాటి సరిహద్దు వద్ద ఒత్తిడి ఏర్పడుతుంది. ఫ్రాన్స్‌లోని బోర్డో నుంచి క్లోడ్ డెల్మాస్ బృందం 2008లో, సగం చార్జి అయిన పొడిలో సగం సగం ఖాళీ అయిన రేణువులు కాకుండా, పూర్తిగా నిండినవీ పూర్తిగా ఖాళీ అయినవీ పక్కపక్కనే ఉన్నాయని చూపింది. ఒకసారి ఖాళీ కావడం మొదలైన రేణువు ఆగకుండా చివరిదాకా ఖాళీ అవుతుంది. మందకొడి పదార్థమని పేరు పడినది చిన్న రేణువులలో ఇంత చురుకుగా ఎలా ప్రవర్తిస్తుందన్న ఆశ్చర్యానికి ఇది కొంత సమాధానం.

పొడి నుంచి పెట్టె దాకా

రేణువు చిన్నదైతే చోటు వృథా అవుతుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేటు సహజ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 3.6 గ్రాములు. కోబాల్ట్ ఆక్సైడుకు అది 5 పైనే. పైగా నానో రేణువులను అల్యూమినియం రేకు మీద పూసి రోలర్ల మధ్య ఎంత నొక్కినా వాటి మధ్య ఖాళీలు మిగిలిపోతాయి. అందువల్ల నేటి తయారీదారుల శ్రద్ధ రేణువు లోపలి నుంచి రేణువుల మధ్య ఖాళీల వైపు మళ్లింది. పెద్ద రేణువుల సందుల్లోకి చిన్న రేణువులు ఇమిడేలా వేర్వేరు పరిమాణాలను కొలతగా కలపడం, నానో రేణువులను ముందుగానే గుండ్రని గుళికలుగా చేర్చడం, రెండుసార్లు కాల్చి గట్టిపరచడం వంటి పద్ధతులతో నొక్కిన పొర సాంద్రతను ఘన సెంటీమీటరుకు 2.6 గ్రాముల దరిదాపులకు తెచ్చారు.

ప్రస్తుతం ఎక్కువగా వాడుకలో ఉన్న తయారీ విధానంలో ఐరన్ ఫాస్ఫేటు, లిథియం కార్బొనేటు, గ్లూకోజులను నీటితో కలిపి మెత్తగా నూరి, ఆ చిక్కని ద్రవాన్ని వేడి గాలిలోకి తుంపరలుగా చిమ్మి ఆరబెట్టి, నత్రజని నింపిన పొడవాటి కొలిమిలో 700 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో కాలుస్తారు. ఇవన్నీ ఏ రసాయన పుస్తకంలోనైనా దొరికే సంగతులు. ఒక సంచి పొడికీ మరో సంచి పొడికీ తేడా లేకుండా వేల టన్నులు చేయగలగడం మాత్రం ఏళ్ల తరబడి కొలిమి దగ్గర నేర్చుకున్నవారికే సాధ్యం. చైనా 2025 జులైలో ఈ పదార్థాల తయారీ పరిజ్ఞానాన్ని ఎగుమతి నియంత్రణల జాబితాలో చేర్చడం ఆ నేర్పుకున్న విలువను చాటుతుంది. హైదరాబాద్ శివార్లలోని బాలాపూర్‌లో ఉన్న ఏఆర్‌సీఐ, అంటే చూర్ణ లోహశాస్త్ర, నూతన పదార్థాల అంతర్జాతీయ పరిశోధన కేంద్రం, ఈ పొడిని దేశీయంగా తయారుచేసే పద్ధతుల మీద చాలాకాలంగా కృషి చేస్తున్నది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా సంస్థ బ్యాటరీ కర్మాగారానికి 2023లో శంకుస్థాపన జరిగింది, ఇనుము రకం సెల్‌ల కోసం ఆ సంస్థ మరుసటి ఏడాది విదేశీ పరిజ్ఞాన ఒప్పందం చేసుకున్నది. సెల్ తయారీతోపాటు పొడి తయారీ కూడా ఇక్కడే జరిగితే తప్ప ఇనుము చవకదనం పూర్తిగా ఈ నేలకు దక్కదు.

చోటు సమస్యకు మరో పరిష్కారం రసాయనశాస్త్రం వెలుపల దొరికింది. ఇనుము సెల్‌లు వేడిని తట్టుకుంటాయి కనుక వాటి మధ్య రక్షణ గోడలు, చిన్న చిన్న పెట్టెలు అంతగా అవసరం లేదని గ్రహించిన చైనా ఇంజనీర్లు సెల్‌లను నేరుగా పెద్ద పెట్టెలో అమర్చసాగారు. బీవైడీ సంస్థ 2020లో విడుదల చేసిన, దాదాపు మీటరు పొడవుండి కత్తిలా పలచగా కనిపించే సెల్ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. ఫాస్ఫేటు ఇచ్చిన భద్రతే ఇక్కడ పరోక్షంగా సామర్థ్యంగా మారింది. చలికి మందగించడం, వోల్టేజి చార్జింగ్ ఆద్యంతం దాదాపు ఒకే మట్టంలో ఉండటం వల్ల ఎంత చార్జి మిగిలిందో కొలవడం కష్టం కావడం మాత్రం నేటికీ ఉన్న లోపాలు. అప్పుడప్పుడు 100 శాతం చార్జి చేయమని కొన్ని కార్ల తయారీదారులు చెప్పడానికి కారణం ఆ రెండోదే.

మాంగనీసు, సల్ఫేటు, ఆపైన

ఇంకా ఎక్కువ శక్తి కావాలంటే వోల్టేజినైనా పెంచాలి, ఒక్కొక్క ఇనుము ఇచ్చే ఎలక్ట్రానుల సంఖ్యనైనా పెంచాలి. మొదటి దారిలో అందరికంటే ముందున్నది మాంగనీసు. అదే ఓలివిన్ చట్రంలో ఇనుము చోట కొంత మాంగనీసును చేరిస్తే, ఆ భాగం 4.1 వోల్టుల వద్ద పనిచేస్తుంది. పూర్తిగా మాంగనీసే ఉంటే సిద్ధాంత రీత్యా శక్తి 20 శాతం పెరగాలి, కానీ మాంగనీసు ఫాస్ఫేటు వాహకతలో ఇనుము ఫాస్ఫేటు కంటే కూడా అధ్వానమైనది, ఎలక్ట్రానును వదిలినప్పుడు దాని చుట్టూ ఉన్న ఆక్సిజన్ అమరిక వంకరపోతుంది, కొంత ద్రావణంలోకి కరిగిపోతుంది కూడా. పక్కన ఇనుము ఉంటే మాంగనీసు కదలిక మెరుగుపడుతుందని 1997 నాటి ఆ తొలి పత్రమే గమనించింది. అందుకే రెంటినీ కలిపిన మిశ్రమాన్నే పరిశ్రమ చేపట్టింది.

సల్ఫేటు దారి శాస్త్రపరంగా మరింత ఆసక్తికరమైనది. ఫ్రాన్స్‌లో జాన్ మారీ తరాస్కాన్ బృందం 2010లో లిథియం ఐరన్ ఫ్లోరోసల్ఫేటును 3.6 వోల్టుల పదార్థంగా పరిచయం చేసింది. నీరు తగిలితే పాడయ్యే ఈ పదార్థాన్ని చేయడానికి వారు నీరు లేని, ద్రవరూపంలో ఉండే లవణాలను మాధ్యమంగా వాడారు. మరుసటి సంవత్సరం, ప్రస్తుతం బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యులుగా ఉన్న ప్రబీర్ బర్పండా ముఖ్య రచయితగా అదే బృందం, అవే పరమాణువులు స్వల్పంగా మాంగనీసు కలిగి వేరొక అమరికలో చేరినప్పుడు వోల్టేజి 3.9కి పెరుగుతుందని చూపింది. ఆ తర్వాత టోక్యో విశ్వవిద్యాలయంలో యమదాతో కలిసి బర్పండా 2014లో సోడియం ఐరన్ సల్ఫేటులో 3.8 వోల్టులు సాధించారు. ఇనుము ఫాస్ఫేటుతో 3.4 వద్ద ఆగవలసిన అవసరం లేదని ఈ పనులు నిశ్చయంగా చెప్పాయి. అయితే సల్ఫేటులకు తేమ పడదు, బరువుకు తగిన నిల్వ సామర్థ్యం కూడా ఫాస్ఫేటు కంటే తక్కువే కనుక అవి ఇంకా ప్రయోగశాల గడప పూర్తిగా దాటలేదు.

రెండో దారి, అంటే ఒక్కొక్క ఇనుము నుంచి ఒకటికంటే ఎక్కువ ఎలక్ట్రానులు రాబట్టడం, మరింత సాహసంతో కూడినది. లిథియం ఐరన్ సిలికేటులో రెండు లిథియం అయానులు ఉండటం వల్ల 2005 నుంచి దానిపై ఎన్నో ఆశలు పెట్టుకున్నారు, కానీ రెండోదాన్ని స్థిరంగా బయటికి తీయడం సాధ్యపడలేదు. జపాన్‌లో హొక్కైడో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక ఇనుముకు ఐదు లిథియం అయానులున్న ఆక్సైడును తీసుకొని, అందులో అల్యూమినియం, సిలికాన్, ఫాస్ఫరస్, గంధకం వంటి చవకైన మూలకాలను కొద్దిగా కలిపి, ఆక్సిజన్ తప్పించుకుపోకుండా దాని మన్నికను పెంచారు. ఇక్కడ కూడా ఆక్సిజన్‌ను గట్టిగా పట్టి ఉంచే పొరుగే ఇనుముకు అండగా నిలిచిందన్న సంగతి గమనార్హం.

2025లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల నాయకత్వంలోని ఒక బృందం లిథియం, ఇనుము, ఆంటిమొనీ, ఆక్సిజన్‌లతో కూడిన పదార్థంలో, మూడు ఎలక్ట్రానులు కోల్పోయిన ఇనుము లెక్క ప్రకారం ఐదు కోల్పోయిన స్థితికి వెళ్లి తిరిగి రావడాన్ని చూపింది. ఆ రెండు ఎలక్ట్రానులను ఇనుము ఒంటరిగా ఇవ్వలేదు, చుట్టూ ఉన్న ఆక్సిజన్ కూడా ఆ భారాన్ని పంచుకున్నది. అయినా ఆక్సిజన్ వాయువుగా విడిపోకపోవడానికి ఇనుము పరమాణువులు ఒకదానికొకటి దూరంగా, ఆంటిమొనీ మధ్యన నిలిచేలా అమరడం, రేణువులు అతి చిన్నవి కావడం తోడ్పడ్డాయి. గతంలో పెద్ద రేణువులతో చేసినప్పుడు ఇదే పదార్థం లిథియం వెళ్లగానే చట్రం చెదిరి కుప్పకూలేది. ఆంటిమొనీ మాత్రం ఇనుములా విరివిగా దొరికేది కాదు, దాని సరఫరాలో అధిక భాగం చైనా చేతిలో ఉంది, 2024లో ఆ దేశం దాని ఎగుమతులపై ఆంక్షలు కూడా విధించింది. ఇనుములను దూరంగా ఉంచుతూ, ఆక్సిజన్‌ను గట్టిగా పట్టుకుంటూ, చవకగా దొరికే మరో మూలకాన్ని ఆంటిమొనీ స్థానంలో కూర్చోబెట్టడం ఇప్పుడు ఆ రంగంలోనివారి ముందున్న పని.